కిరాయి ఇంట్లో చెమ్మ, గీజరు, సబ్‌మీటరు: ఏ ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మేము నల్లగొండలో ఒక ఇంటి మొదటి అంతస్తులో, రెండు పడకగదుల పోర్షన్‌లో ఏడాదిన్నరగా కిరాయికి ఉంటున్నాం. మా పైన డాబానే. ఓనర్ వాళ్లు కింద ఉంటారు. మొదట పదకొండు నెలలకు అగ్రిమెంట్ రాసుకున్నాం, మళ్లీ రాసుకోలేదు. ముసురు పట్టినప్పటి నుంచి పడకగదిలో ఒక మూల గోడ నల్లబడింది. బీరువాలో బట్టలు ముక్క వాసన వస్తున్నాయి. బోరు నీళ్లకు నల్లాలన్నీ తెల్లగా పేరుకుపోయాయి. గీజరు (ఓనర్‌దే) నీళ్లు సరిగా కాగడం లేదు. కరెంటుకు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటున్నారు. గోడ సంగతి అడిగితే "వాడుకునేది మీరు, బాగు చేయించుకోవాల్సింది మీరే, లేకపోతే అడ్వాన్సులో పట్టుకుంటా" అంటున్నారు. పిల్లల పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో ఖాళీ చేద్దామనుకుంటున్నాం. ఏవి మా పనులు, ఏవి వాళ్ల పనులు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఖర్చు ఎవరిదన్న వాదన ఇప్పుడే పెట్టుకోకండి. ముందు ఆ మూలకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టండి. డాబా నుంచి దిగుతుంటే అది ఓనర్ పని, అందులో రెండో మాట లేదు. గోడ లోపలి పైపు కారుతున్నా వాళ్లదే. గాలి ఆడక బీరువా వెనక బూజు పట్టిందంటే మాత్రం చాలావరకు మీ చేతిలో ఉన్న పని. మూడు చోట్లా మరక ఒకేలా కనిపిస్తుంది కాబట్టే ఓనర్లు, కిరాయిదార్లు ఏళ్ల తరబడి పోట్లాడుకుంటారు. కొన్ని రోజులు ఓపిగ్గా చూస్తే కారణం దొరుకుతుంది, ఖర్చు కూడా అక్కడే తేలిపోతుంది.

బీరువాను గోడకు ఆరు అంగుళాలు ముందుకు జరపండి. ఖాళీ చేసి జరపాలి, నిండుగా ఉన్నదాన్ని ఈడిస్తే కాళ్లు బండలను గీరేస్తాయి. తర్వాత మరక చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీసి పక్కన తేదీ వేయండి. వాన పడ్డ మర్నాడు చూడండి, వాన లేని నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూడండి. వాన పడ్డాక గీత దాటి, తెరపిచ్చాక ఎండుతుంటే నీళ్లు డాబా నుంచో, బయటి గోడ పగుళ్ల నుంచో వస్తున్నట్టు. వానతో పనిలేకుండా రోజూ ఒకే తీరుగా తడిగా ఉంటే పైపులను అనుమానించాలి. మరక ఎత్తు కూడా చాలా చెబుతుంది. సీలింగు మూలలో మొదలై కిందికి జారితే స్లాబు. గోడ నడుమ గుండ్రంగా ఉంటే లోపల పైపు. ఆ గోడకు అవతల బాత్రూం ఉండి, తడి మోకాలి ఎత్తులోపే ఉంటే బాత్రూం బండల సందులు.

గాలి తడా, గోడ తడా అన్నది తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని గోడకు ఆనించి, నాలుగు అంచులూ బ్రౌన్ టేపుతో గాలి చొరకుండా అంటించండి. పూర్తిగా తడిసిన చోట టేపు నిలవదు, అందుకని మరక అంచున కాస్త పొడిగా ఉన్న చోటు చూసుకోండి. రెండు రోజులు కదపొద్దు. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది. లోపల పొడిగా ఉండి పైవైపు మాత్రమే తడి ఉంటే అది గదిలోని గాలి తడి. తడి బట్టలు గదిలో ఆరేయడం, కిటికీలు మూసి ఉంచడం, బీరువాను గోడకు ఆనించడం దానికి కారణాలు. ఇంకా తీయకముందే కవరును ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

పైపుల పరీక్ష రాత్రి పూట చేయాలి. అందరూ పడుకునే ముందు నల్లాలన్నీ కట్టేసి, డాబా మీది ట్యాంకులో నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. ట్యాంకు ఇద్దరికీ ఒకటే అయితే కింద వాళ్లకూ చెప్పి చేయండి. తెల్లారి ఎవరూ నల్లా తిప్పకముందే చూడండి. గుర్తు కన్నా నీళ్లు దిగితే ఎక్కడో కారుతోంది. అది గోడలోనే అనుకోకండి, సగం సార్లు దొంగ ఫ్లష్ ట్యాంకే. ఫ్లష్ ట్యాంకులో రెండు చెంచాల కాఫీ డికాక్షనో, మిఠాయిల్లో వేసే రంగో కలిపి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉండండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టు. వాషర్ మార్చడం మీ పని, పది నిమిషాల పని. వాషర్ మార్చాక కూడా ట్యాంకు నీళ్లు దిగుతుంటే అప్పుడు ప్లంబర్‌ను పిలిచి గోడ పైపులు చూపించమని ఓనర్‌కు చెప్పండి.

ఇక డాబా. మీరు రాసినదాన్ని బట్టి ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఓనర్‌ను కూడా తోడు తీసుకునే పైకి వెళ్లండి. ఇద్దరూ కలిసి చూసిన దాని మీద తర్వాత గొడవ రాదు. మీ పడకగది మూలకు సరిగ్గా పైన ఏముందో చూడండి. వాన నీళ్లు దిగే పైపు మూతికి ఆకులు, కవర్లు అడ్డం పడ్డాయా? అక్కడ నీళ్లు నిలిచి నాచు పట్టిందా? పిట్టగోడా స్లాబూ కలిసే అంచున వెంట్రుక మందం చీలిక ఉందా? ట్యాంకు పొంగి రోజూ అదే మూలకు పారుతోందా? స్లాబు నడుమ నుంచి నీళ్లు దిగడం తక్కువ, పిట్టగోడ అంచుల నుంచి, పైపు మూతుల చుట్టూ దిగడమే ఎక్కువ. ఎండకు స్లాబు సాగి, రాత్రి ముడుచుకుని, ఆ అతుకు దగ్గరే చీలుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు ఈ చీలికలు ప్రతి వేసవికీ పెరుగుతాయి. ఆకులు, మట్టి ఎత్తిపోయడం మాత్రం ఇద్దరిలో ఎవరు చేసినా మంచిదే. పైపు మూతి మూసుకుపోయి డాబా మీద నీళ్లు నిలిస్తే ఎంత మంచి స్లాబైనా కొన్నాళ్లకు ఊరుతుంది.

ఓనర్ బాగు చేయించడానికి ఒప్పుకుంటే పని సరిగ్గా జరిగేలా మీరూ చూసుకోండి, ఎందుకంటే తప్పుగా చేసిన పని మీ గోడ మీదే తేలుతుంది. గది లోపల లప్పం పెట్టి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే సరిపోతుందని మేస్త్రీ చెబితే ఒప్పుకోవద్దు. వెనక నుంచి వచ్చే నీళ్లు గోడలోని ఉప్పును మోసుకొచ్చి పెయింటు కింద గట్టిపడి, పొరను పొక్కులు పొక్కులుగా నెట్టేస్తాయి. వచ్చే ముసురుకు మళ్లీ అదే గోడ. మందు డాబా మీదే పడాలి. చీలికను ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, కడిగి, ఎండనిచ్చి, పాలిమర్ కలిపిన సిమెంటో, చీలికలకని అమ్మే ఫిల్లరో నింపాలి. అతుకు మీద సన్నని ఫైబర్ జాలీ గుడ్డ పరిచి, దానిపై వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు సార్లు వేయాలి, మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. తడి ఉన్న స్లాబు మీద వేస్తే పొర లేచిపోతుంది, ఇది అందరూ చేసే తప్పు. అందుకే దసరా దాటి వానలు తగ్గాక, వరుసగా నాలుగైదు రోజులు ఎండ కాసినప్పుడు పెట్టుకోమనండి. అప్పుడు కుదరకపోతే వేసవిలో, మృగశిర కార్తెకు ముందే. నీళ్లు నిలిచే చోట వాటం సరిచేయకుండా కోటింగు ఒక్కటే వేస్తే లాభం లేదు, పైపు మూతి వైపు పది అడుగులకు కనీసం అంగుళం వాటం ఉండాలి. కోటింగు ఆరాక పైపు మూతికి గుడ్డ కుక్కి రెండు అంగుళాల నీళ్లు నిలిపి ఒక రోజంతా చూడమనండి. కింద మీ మూల తడవకపోతేనే మేస్త్రీకి ఆఖరి డబ్బులు.

ఈ లోగా నల్లని బూజును అలాగే వదలొద్దు, పిల్లలు పడుకునే గది కదా. పొడి గుడ్డతో, చీపురుతో దులిపితే బూజు గదంతా ఎగురుతుంది. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవుజులు వేసుకుని, కిటికీ తెరిచి, ముందు గోడను తడి గుడ్డతో అద్దండి. లీటరు నీళ్లలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, అడుగున తేరిన సున్నం వదిలేసి, పై తేట నీళ్లను గోడకు పట్టించండి. పావుగంట ఉంచి మంచి నీళ్లతో తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. బ్లీచింగ్ నీళ్లలో బాత్రూం యాసిడ్ గానీ, ఇంకే క్లీనర్ గానీ పొరపాటున కూడా కలపొద్దు. క్లోరిన్ వాయువు లేచి ఊపిరి ఆడదు, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి వస్తుంది. బీరువాకు, గోడకు మధ్య నాలుగు అంగుళాల ఖాళీ ఎప్పుడూ ఉండాలి. బట్టలు పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.

బోరు నీళ్లు, నల్లాలు, గీజరు

నల్లా చివర జాలీలో తెల్లగా పేరుకునేది నీళ్లలోని సున్నపు ఉప్పు. జాలీని చేత్తో తిప్పి ఊడదీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. షవర్‌కూ ఇదే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో రెండు నెలలకోసారి చేస్తే నల్లాలు చాలాకాలం ఉంటాయి. దీనికోసం యాసిడ్ వాడొద్దు. నల్లాల మీది మెరుపు పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం నేలకు. మన వైపు ఇళ్లలో పరిచే షాబాద్ బండలు, తాండూరు బండలు సున్నపురాయి. యాసిడ్ చుక్క పడగానే బుసబుస నురగ వస్తుంది, నునుపు పోయి బండ గరుకెక్కుతుంది. ఆ గరుకు మళ్లీ పాలిష్ పట్టిస్తే గానీ పోదు, ఆ ఖర్చు ఎవరు చూసినా మీదే అంటారు, న్యాయంగా మీదే.

కట్టేసినా చుక్కలు పడే నల్లాకు చాలాసార్లు వాషర్ మారిస్తే చాలు. సగం తిప్పితే తెరుచుకునే కొత్త రకం నల్లాల్లో వాషర్ ఉండదు, లోపల సిరామిక్ బిళ్లలున్న స్పిండిల్ ఉంటుంది. బోరు నీళ్లతో వచ్చే ఇసుక ఆ బిళ్లల మధ్య చేరి గీతలు పడితే స్పిండిలే మార్చాలి. గేట్ వాల్వ్ కట్టి, నల్లా తెరిచి లోపలి నీళ్లు పోనిచ్చాకే పానా పెట్టండి. పాత స్పిండిల్‌ను షాపుకు తీసుకెళ్లి దానికి సరిపోయేదే తెచ్చుకోండి, చూడటానికి ఒకేలా ఉన్నా మరలు తేడా ఉంటాయి. నల్లా మొత్తం ఊడదీస్తే మళ్లీ బిగించే ముందు టెఫ్లాన్ టేపు మరలు తిరిగే దిక్కునే ఎనిమిది పది చుట్లు చుట్టాలి. ఎదురు దిక్కున చుడితే బిగిస్తుంటేనే ఊడి వస్తుంది.

తాగే నీళ్ల మాట కూడా చెప్పాలి. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు గరిష్ఠంగా 1.5. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా ఉంటే తాగడానికి, వంటకు ఆ నీళ్లే పట్టుకోండి. అయితే చాలా ఇళ్లలో నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో పడతాయి. మీ వంటింట్లోకి వచ్చేవి సంపు నీళ్లా, నేరుగా వచ్చే నల్లా నీళ్లా అన్నది ఓనర్‌ను అడిగి తెలుసుకోండి. సంపు నీళ్లే అయితే బయటి నల్లా దగ్గరే బిందె నింపుకోండి.

గీజరు. పదిహేను లీటర్ల, 2,000 వాట్ల గీజరు మామూలు నీళ్లను స్నానానికి సరిపడా కాచడానికి ఇంచుమించు పావుగంట పట్టాలి, అర యూనిట్ కరెంటు కాలాలి. ముందు ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్చు) పడిపోయిందేమో చూడండి. గీజరు లైటు వెలుగుతూ నీళ్లు అసలు కాగకపోతే కాయిల్ గానీ, థర్మోస్టాట్ గానీ పోయింది. కాస్త కాగి ఆగిపోతుంటే లోపల సున్నం గట్టిగా పేరుకుంది. కాయిల్ చుట్టూ గవ్వలా పెంకు కడితే నీళ్లకు వేడి అందదు, థర్మోస్టాట్ ముందే కట్ చేస్తుంది, కాయిల్ లోపల్లోపలే మాడుతుంది. ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోతున్నా, నీళ్లు తాకితే జిల్లుమని షాక్ కొట్టినా ఆ క్షణమే మెయిన్ ఆపేసి, మెకానిక్ వచ్చేదాకా ముట్టొద్దు. గీజరుకు 16 ఆంపియర్ల సాకెట్టు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. మీటరు బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, నొక్కగానే పడిపోవాలి. పడకపోయినా, అసలు ఆర్‌సీసీబీయే లేకపోయినా ఓనర్‌కు రాతలో చెప్పండి. బోరు నీళ్ల ఇళ్లలో గీజరును ఏడాదికోసారి విప్పి సున్నం తీయించాలి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి. ఉష్ణోగ్రత 50, 55 డిగ్రీల మధ్య పెట్టండి, 60 దాటితే సున్నం ఇంకా తొందరగా పడుతుంది.

గీజరు ఖర్చు ఎవరిదంటే, ఇక్కడ మీ ఓనర్ మాటలో సగం నిజముంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం పనులను రెండు జాబితాలుగా విడదీసింది. స్లాబు, గోడల వంటి కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, పైపులు మార్చడం, అవసరమైనప్పుడు వైరింగ్ ఓనర్ వంతు. నల్లాలు, వాషర్లు, మోరీ శుభ్రం, కమోడ్, వాష్‌బేసిన్, గీజరు రిపేర్లు, స్విచ్చులు, సాకెట్లు, గడియలు, తాళాలు, దోమల జాలీలు, కిటికీ అద్దాలు కిరాయిదారు వంతు. రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంటే తప్ప ఆ నమూనాకు ఇక్కడ బలం లేదు. కానీ కూర్చుని మాట్లాడుకోవడానికి అంతకన్నా సమమైన పంపకం దొరకదు. దాని ప్రకారం కాయిల్, థర్మోస్టాట్, సున్నం తీయించడం మీ ఖర్చు. లోపలి ట్యాంకే తుప్పు పట్టి కారుతుంటే మాత్రం అది వయసుతో వచ్చిన అరుగుదల, కొత్త గీజరు ఓనర్ పెట్టాలి. మెకానిక్‌తో ఏ భాగం పోయిందో బిల్లు మీద రాయించుకోండి.

చట్టం వైపు నుంచి మీకు గట్టి ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్. ఒప్పందంలో వేరుగా రాసుకోనప్పుడు, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పజెప్పడం కిరాయిదారు బాధ్యత, కానీ సహజమైన అరుగుదల అందులోకి రాదు. ఓనర్ చేయించాల్సిన మరమ్మతును చెప్పినా తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారు చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతుంది. దీన్ని బెదిరింపుగా వాడకండి. డాబా లాంటి పెద్ద పనికి సొంతంగా దిగడం కూడా మంచిది కాదు. రాతలో చెప్పకుండా, బిల్లు లేకుండా కిరాయి తగ్గించి ఇస్తే తప్పు మీ మీదికే వస్తుంది. ముందు మీ పాత అగ్రిమెంట్ తీసి మరమ్మతుల గురించి ఏం రాశారో చదవండి. పదకొండు నెలలు దాటాక మీరు కిరాయి ఇస్తున్నారు, వాళ్లు తీసుకుంటున్నారు కాబట్టి ఇప్పుడు అది నెలనెలా సాగే కిరాయి అయింది.

పై పరీక్షల్లో నీళ్లు డాబా నుంచే అని తేలగానే గోడ సంగతి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. మాటలు ఇలా ఉంటే చాలు: "నమస్తే అంకుల్. పడకగది మూల సీలింగు దగ్గర నుంచి చెమ్మ దిగుతోంది. వాన పడ్డ మర్నాడు మరక పెరుగుతోంది, తేదీలు వేసిన ఫోటోలు పంపుతున్నాను. మీకు వీలున్నప్పుడు ఇద్దరం డాబా మీద చూద్దాం. దసరా తర్వాత బాగు చేయిస్తే స్లాబుకు కూడా మంచిది. గీజరు సర్వీసు, నల్లాల పని మేమే చేయించుకుంటున్నాం." మీ వంతు మీరు ఒప్పుకుంటున్నారని చివరి వాక్యంలో తెలిసిపోతుంది, అందుకే అది తప్పకుండా ఉండాలి. నోటితో వంద సార్లు చెప్పినదానికన్నా తేదీ ఉన్న ఈ ఒక్క మెసేజ్ ఏప్రిల్‌లో అడ్వాన్సు దగ్గర మీకు అండగా ఉంటుంది.

పది రూపాయల యూనిట్

దీని మీద మీరు ప్రశ్నలో ఒక్క వాక్యమే రాశారు గానీ, నెలనెలా మీ డబ్బు ఎక్కువగా పోతున్నది ఇక్కడే. ఇళ్ల కరెంటు రేట్లు 2022 ఏప్రిల్‌లో అమలైన లెక్కలో ఇలా ఉన్నాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ రూ. 3.40, తర్వాతి వందకు రూ. 4.80. మొత్తం వంద దాటకపోతే ఇంకా తక్కువ. 200 దాటితే మొదటి 200కూ రూ. 5.10 చొప్పున పడి, ఆ పైన 300 దాకా రూ. 7.70. తాజా రేట్లు బిల్లుతో సరిచూసుకోండి. ఇప్పుడు ఓనర్ వాళ్లు 120, మీరు 150 యూనిట్లు కాల్చారనుకోండి. ఒకే సర్వీసు (కనెక్షన్) మీద 270 యూనిట్లకు చార్జీ రూ. 1,559. అదే రెండు సర్వీసులుంటే వాళ్లకు రూ. 436, మీకు రూ. 580, మొత్తం రూ. 1,016. ఒకే మీటరు వల్ల ఇద్దరికీ కలిపి నెలకు రూ. 543 నష్టం. కలిపి వచ్చిన బిల్లును యూనిట్ల లెక్కన పంచినా మీ యూనిట్ ఆరు రూపాయల లోపే. పైన ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ వేసుకున్నా పది రూపాయలకు చేరదు. మీరు మాత్రం 150 యూనిట్లకు రూ. 1,500 కడుతున్నట్టు.

అందుకే రెండు దారుల్లో ఒకటి అడగండి. ఒకటి, మీ పోర్షన్‌కు వేరే సర్వీసు కనెక్షన్. ఓనర్ దరఖాస్తు చేయాలి, ఖర్చు కొంత మీరూ పంచుకుంటామనండి, వాళ్ల బిల్లు కూడా తగ్గుతుందని పై లెక్క చూపించండి. తెల్లరేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కిరాయిదార్లకూ వర్తిస్తుంది, కానీ అది సర్వీసు నంబరుతో ముడిపడింది. ఇద్దరి వాడకం ఒకే నంబరు మీద 200 దాటుతుంటే ఎవరికీ దక్కదు. రెండో దారి, ప్రతి నెలా అసలు బిల్లు చూసుకుని యూనిట్ల వంతున పంచుకోవడం.

సబ్‌మీటరును కూడా ఒకసారి పరీక్షించండి. మీ ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి మీటరు దగ్గర నిలబడండి. మీటరు మీది లైటు ఇంకా మిణుకుతుంటే, బోరు మోటరో మెట్ల లైటో మీ లైను మీద ఉంది, లేదా ఎక్కడో కరెంటు లీకవుతోంది. గీజరు బాగయ్యాక, అది 2,000 వాట్లదైతే, అదొక్కటే పావుగంట వేసి చూస్తే మీటరు అర యూనిట్ తిరగాలి. ముప్పావు తిరిగితే మీటరే తప్పు.

ఏప్రిల్‌లో ఖాళీ చేసేటప్పుడు

నెలవారీ కిరాయికి చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. అయినా అగ్రిమెంట్‌లో ఎంత రాశారో చూసి, ఫిబ్రవరి నెలాఖరుకే మెసేజ్ పెట్టండి, అడ్వాన్సు సర్దుకోవడానికి వాళ్లకూ టైము కావాలి. ఆఖరి నెల కిరాయిని అడ్వాన్సులో పట్టుకొమ్మనే పద్ధతి ఉంది గానీ, ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో ఉంటేనే చేయండి.

మేకులు కొట్టిన రంధ్రాలు మీరే పూడ్చండి. ఇది మీ వంతే, పైగా చవక. కిలో లప్పం పొడి చాలు. కావాల్సినంత మాత్రమే తీసుకుని, కిలోకు సుమారు 400 మిల్లీలీటర్ల నీళ్ల లెక్కన ముద్దలా కలిపి, పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ కలపండి. రెండు గంటల్లో వాడేయాలి, గట్టిపడ్డాక నీళ్లు పోసి కలిపితే పట్టదు. మేకును లాగేటప్పుడు కటింగ్ ప్లేయర్ కింద చెక్క ముక్క పెడితే గోడ పెచ్చు ఊడదు. రంధ్రంలో దుమ్ము ఊది, నీళ్లు చిలకరించి, ఒకసారి నింపి ఆరనివ్వండి. ఎండితే లోపలికి కుంగుతుంది, మళ్లీ ఒకసారి నింపి, ఆరాక 180 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. పూడ్చిన చోట మాత్రమే కొత్త రంగు వేస్తే కలవదు, గోడ మొత్తం రంగు వెలిసి ఉంటుంది కాబట్టి ఆ చుక్క వేరుగా కనిపిస్తుంది. పెయింటు వేయకుండా తెల్లగా వదిలేయడమే నయం.

ఏడాదిన్నరకు వెలిసిన రంగు మామూలు అరుగుదల. మన ఊళ్లలో ఒక నెల కిరాయి పెయింటింగ్ కింద పట్టుకోవడం ఆనవాయితీగా ఉంది. మీ అగ్రిమెంట్‌లో అలా రాసి ఉంటే ఇవ్వాల్సిందే. రాయకపోతే బేరమాడండి, లేదా పిల్లలు గీసిన గోడ ఒక్కటి మీరే వేయించండి. చెమ్మ పట్టిన మూలకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఒప్పుకోవద్దు. ఇంకేం పట్టుకున్నా బిల్లు అడగండి. మాట వినకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఒకే ప్రహరీలో ఏడాదిన్నర ఉన్నవాళ్ల మధ్య లోక్ అదాలత్‌లో రాజీయే మేలు, కేసు దాకా పోనివ్వకండి.

సామాను ఎక్కించాక ఖాళీ గదుల్లో ఓనర్‌ను వెంటబెట్టుకుని ఒక వీడియో తీయండి. ప్రతి ఫ్యాను వేసి, ప్రతి నల్లా తిప్పి, గీజరు లైటు వెలిగించి చూపించండి. సబ్‌మీటరు అంకె కనిపించేలా ఫోటో, తాళంచెవులు లెక్కపెట్టి ఇస్తూ ఒక ఫోటో. అడ్వాన్సు ఆ రోజే యూపీఐలో వేయించుకోండి. మిగతాది తర్వాత ఇస్తామంటే ఎంత, ఏ తేదీకి అన్నది అక్కడే మెసేజ్‌లో రాయించుకుని, అప్పుడు చెవులు ఇవ్వండి.